చలికాలం పిట్ట కనబడితే ఎక్కడ రాయాలి? వాట్సాపా, ఈబర్డా, ఐనాచురలిస్టా?

అక్టోబర్ దాటిందంటే ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "మా చెరువులో బార్‌హెడెడ్ గూస్‌లు దిగాయండీ, ఎక్కడ పెట్టమంటారు?" అని. పక్షులు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపు, చూసిన పిట్టల లిస్టు రాసే ఈబర్డ్, ఏ జీవి ఫొటో అయినా పెట్టి పేరు తెలుసుకునే ఐనాచురలిస్ట్, ఈ మూడింట్లోనూ ఖాతా ఉన్నవాళ్లే అడుగుతున్నారు కాబట్టి ఏది ఎలా వాడాలో చెప్పను. ఏది మేలో మాత్రం చెబుతాను.

తొందరగా తెలియాలంటే వాట్సాప్ గ్రూపుకి సాటి లేదు. అమీన్‌పూర్ చెరువులో ఫ్లెమింగోలు దిగాయని పొద్దున్నే మెసేజ్ పడితే చాలు, టిఫిన్ల వేళకల్లా గట్టు మీద కెమెరాలు బారులు తీరతాయి. ఏ పిట్టో తేలకపోతే గ్రూపులో ఎవరో ఒక పెద్దాయన అప్పటికప్పుడు చెప్పేస్తారు. కొత్తవాళ్లు నేర్చుకునేది చాలావరకు అక్కడే, దాన్ని తీసిపారేయలేం. కాకపోతే ఆ మెసేజ్ పండగ శుభాకాంక్షల కింద పడి రెండ్రోజుల్లో మాయం. పోయినేడు పిన్‌టెయిల్ బాతులు ఎప్పుడొచ్చాయని అడిగి చూడండి. ఒకరు నవంబర్ అంటారు, ఇంకొకరు కాదు డిసెంబర్ అంటారు.

ఇంకో చిక్కుంది, నా దృష్టిలో అసలు చిక్కు అదే. గ్రూపులో ఎవరూ మామూలు పిట్టను పెట్టరు. ఫ్లెమింగో అయితే పది ఫొటోలు వస్తాయి, పక్కనే ఉన్న షవలర్ బాతుల ఊసే ఉండదు. రాళ్ల మీద తోక ఆడిస్తూ తిరిగే కామన్ శాండ్‌పైపర్‌ను అసలు లెక్కలోకే తీసుకోరు.

ఈబర్డ్‌లో లిస్టు పంపేముందు ఒక ప్రశ్న వస్తుంది: మీరు గుర్తుపట్టిన పక్షులన్నీ ఇందులో రాశారా? నా లెక్కలో పోటీ తేలిపోయేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే. అవునని నొక్కారంటే, లిస్టులో లేని పిట్ట ఆ పూట మీకు కనబడలేదని కూడా చెప్పినట్టే. గట్టు మీద నలభై నిమిషాలు, బొల్లికోళ్లు 200, షవలర్‌లు 35, గార్గనే బాతులు 12, వైట్ వాగ్‌టెయిల్‌లు 2, గద్దలు 6, కాకులు 9. చూడ్డానికి చప్పటి లిస్టే. వచ్చే ఏడాది అదే వారంలో, అదే గట్టు మీద, అంతే సేపు నిలబడితే గార్గనే ఒక్కటీ లేదనుకోండి, ఆ లేకపోవడం కూడా రికార్డుకెక్కుతుంది. ఫొటోల గ్రూపుకి ఇది ఎప్పటికీ చేతకాదు.

2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ఇలాంటి లిస్టుల మీదే నిలబడింది. ముప్పై వేల మందికి పైగా రాసిన సుమారు మూడు కోట్ల నమోదులవి. దీర్ఘకాలపు లెక్క తేలిన 338 జాతుల్లో నూటికి అరవై జాతులు తగ్గుముఖం పట్టాయి. బాగా తగ్గాయి, వీటికున్న ముప్పును ప్రపంచస్థాయిలో మళ్లీ అంచనా వేయాలి అన్న 14 జాతుల్లో దసరాకి మనం వెతుక్కునే పాలపిట్ట ఉంది. దాంతోపాటు చలికాలం చుట్టాలైన షవలర్, కామన్ టీల్, కామన్ శాండ్‌పైపర్ కూడా ఉన్నాయి. గ్రూపులో మనం వదిలేసే పిట్టలే చూడండి.

ఈబర్డ్‌తో తలనొప్పి లేకపోలేదు. అరుదైన పిట్ట రాస్తే, లిస్టులు సరిచూసే రివ్యూయర్ ఫొటో ఉందా, ఎలా గుర్తుపట్టారు అని మెయిల్ పెడతారు. కొందరికి అది అవమానంగా ఉంటుంది. ఆయనా మనలాంటి వాలంటీరే, కోప్పడి లాభం లేదు. ఎన్ని పిట్టలో అంకె వేయడానికి బద్ధకించి దాని బదులు X పెట్టేవాళ్లు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దాకా కారులో పోతూ మొత్తానికి ఒకటే లిస్టు రాసేవాళ్లు సగం పని చెడగొడతారు. ఆ దారిలో వచ్చే పులికాట్ సరస్సు లాంటి చోట ఆగిన ప్రతిచోటా విడిగా రాయండి, అంచనాగానైనా అంకె వేయండి.

ఐనాచురలిస్ట్ ఏ పిట్టో తెలియనప్పుడు బాగుంటుంది. ఫొటో పెడితే నలుగురూ పేరు తేలుస్తారు, సీతాకోకచిలుకలూ అక్కడే పెట్టుకోవచ్చు. అయితే ఒక్కో పిట్టకు ఒక్కో ఎంట్రీ కావాలి. రెండొందల బొల్లికోళ్లున్న చెరువు దగ్గర అది కుదిరే పని కాదు. చూసినవి నోటుబుక్కులో రాసుకునే అలవాటు ఉంటే ఉంచుకోండి, మీ ఇష్టం. జనవరిలో జరిగే నీటిపక్షుల గణనకు విడిగా కంగారు పడక్కర్లేదు, ఈబర్డ్ లిస్టు దానికీ పనికొస్తుంది.

కాబట్టి నేనైతే ముందు ఈబర్డ్, ఆ లిస్టు లింకు గ్రూపులో. గుడ్లగూబ గూడు, హారియర్‌లు (గద్దల్లాంటి వేట పక్షులు) రాత్రికి చేరే గడ్డి మైదానం లాంటివి మాత్రం గ్రూపులో వద్దు. మర్నాడే జనం పోగవుతారు. బట్టమేక పిట్ట లాంటి ముప్పున్న జాతుల చోటును ఈబర్డ్ తనంతట తానే దాచిపెడుతుంది, వాట్సాప్‌కు ఆ తెలివి లేదు.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఈబర్డ్ యాప్‌లో ఆ ప్రాంతం ప్యాక్‌ను (అక్కడి పక్షుల జాబితా) ఇంట్లో వైఫై ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి. చెరువు దగ్గర సిగ్నల్ లేకపోయినా లిస్టు రాసుకోవచ్చు, ఇంటికొచ్చాక పంపొచ్చు.