కెన్నెడీ హాఫ్ డాలర్: 1964ది కొనండి, తోమకండి

ఒక అమెరికా అధ్యక్షుడి జ్ఞాపకాన్ని ఇంట్లో దాచుకోవాలనుకునేవారికి కెన్నెడీ అర డాలర్‌ను మించిన వస్తువు లేదు. అయితే ఆయన బొమ్మ ఉన్న నాణేలన్నీ ఒకటి కావు. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో పిల్లలు అమెరికా నుంచి తెచ్చినవీ, ఆన్‌లైన్‌లో కొన్నవీ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి. వాటిలో వెండివేవో చాలామంది ఎప్పుడూ తేల్చుకుని ఉండరు.

1963 నవంబర్ 22న కెన్నెడీ హత్య జరిగింది. డిసెంబర్ 30కల్లా నాణేనికి చట్టం అయిపోయింది, 1964 మార్చి 24న నాణెం జనం చేతికొచ్చింది. చట్టం ఎందుకంటే, ఒక నమూనాను 25 ఏళ్లలోపు మార్చాలంటే అక్కడి కాంగ్రెస్ ఒప్పుకోవాలి. అర డాలర్ మీద ఫ్రాంక్లిన్ బొమ్మ వచ్చింది 1948లోనే. పావు డాలర్ మీద వాషింగ్టన్‌ను తీసేయడం ఇష్టంలేక కెన్నెడీ భార్య జాక్వెలిన్ అర డాలర్‌నే కోరారు. అధ్యక్షుడి పతకం కోసం అంతకుముందే చేసిన నమూనాలు టంకశాలలో ఉండటంతో పని త్వరగా సాగింది. ముఖం వైపు చెక్కింది గిల్‌రాయ్ రాబర్ట్స్, వెనకవైపు గద్దను చెక్కింది ఫ్రాంక్ గాస్పారో. ఆ గద్ద అధ్యక్షుడి ముద్రలోదే, చుట్టూ 50 నక్షత్రాలుంటాయి. హడావిడిగా చేసిన పని అని నాణెం చూస్తే ఎక్కడా అనిపించదు. ముఖ్యంగా నుదుటి మీది జుట్టు గీతలు చూడండి, ఎంత నాజూకుగా ఉంటాయో.

1964 సంవత్సరపువి రెండు టంకశాలల్లో కలిపి దాదాపు 43 కోట్లు వేశారు. జనం ఖర్చు పెట్టకుండా దాచేసుకున్నారు. వెండి ధర కూడా పెరుగుతుండటంతో 1965 చట్టం వెండిని 90 శాతం నుంచి 40కి దించింది. 1971 నుంచి మామూలు నాణేల్లో అసలు వెండే లేదు, రాగి మీద రాగి-నికెల్ పూత. డబ్బుగా ఈ నాణెం ఓడిపోయింది, గుర్తుగా మాత్రం గెలిచింది. పరకామణిలో విదేశీ నాణేలు లెక్కపెట్టేవారికైనా పావు డాలర్ ఎదురైనంత తరచుగా ఇది ఎదురవుతుందనుకోను.

గుర్తుపట్టడానికి ముందు సంవత్సరం, తర్వాత అంచు, ఆ తర్వాతే బరువు. 1964ది 12.5 గ్రాములు. అంచు చుట్టూ ఒకే తెలుపు. 1965 నుంచి 1970 వరకు వచ్చినవి 11.5 గ్రాములు, అంచు కొద్దిగా మసకబారిన గోధుమరంగులో కనిపిస్తుంది. 1971 నుంచి వచ్చిన మామూలువి 11.34 గ్రాములు, అంచులో రాగి చార స్పష్టంగా ఉంటుంది. చివరి రెంటికీ బరువులో తేడా 0.16 గ్రాములే కాబట్టి, అరిగిన నాణేన్ని త్రాసు మీద పెట్టి 40 శాతం వెండిదని తీర్పు చెప్పకూడదు. నగల దుకాణంలో 0.01 గ్రాము వరకు చూపే త్రాసు మీదైనా అంతే. 1776-1976 అని రెండు సంవత్సరాలున్నది ఇంకో చిక్కు. చలామణిలోకి వచ్చినవి వెండివి కావు. సేకరణదారుల సెట్లలో ఎస్ (శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల) అక్షరంతో వచ్చినవాటిలో మాత్రం 40 శాతం వెండివి ఉన్నాయి. ఎస్ అక్షరం ఉన్నంత మాత్రాన వెండిదీ కాదు, అంచు చూడాల్సిందే.

పరిమాణం సుమారు 30.6 మిల్లీమీటర్లు, మన పాత జార్జి వెండి రూపాయికి దాదాపు సమానం. అయస్కాంతం పెట్టి చూడండి, ఏ సంవత్సరం నాణెమైనా అంటుకోకూడదు. అంటుకుంటే నకిలీ. అంటుకోనంత మాత్రాన అసలుదీ కాదు. (అదే 1964లో మన దేశం నెహ్రూ స్మారకంగా వేసిన నికెల్ రూపాయి అంటుకుంటుంది, అది దాని స్వభావం.) డెన్వర్ టంకశాల అక్షరం డి 1964లో వెనకవైపు, ఆలివ్ కొమ్మ పట్టిన గోరు దగ్గర ఉంటుంది. 1965 నుంచి 1967 వరకు అక్షరమే లేదు. 1968 నుంచి ముఖం వైపు, మెడ కింద. 1964 సంవత్సరం ఉండి అక్షరం మెడ కింద కనిపిస్తే కొనకండి.

బంగారు పూత వేసినవి, రంగులు అద్దినవి "అరుదైనవి" అంటూ అమ్ముతుంటారు. అవి సాధారణంగా వెండిలేని నాణేల మీద బయటివాళ్లు చేసిన పనే. పూత పడ్డాక సేకరణ విలువ పోతుంది. 1964 మామూలు నాణేనికి న్యాయమైన ధర కట్టడం సులువు. అందులో వెండి 11.25 గ్రాములు, ఆ రోజు గ్రాము ధరతో గుణించి పైన కొద్దిగా వేసుకోండి. 1965-70 వాటిలో 4.6 గ్రాములే. వెండి దుకాణంలో అమ్మబోతే తరుగు తీసి కరిగించే లెక్కే కడతారు, కాబట్టి సేకరణదారుకే అమ్మాలి.

మనవైపు ఎక్కువ నాణేలు పాడయ్యేది ప్రేమతోనే. చింతపండు, విభూది, ఇత్తడి సామాను పొడి ఏదీ తగలకూడదు. పులుపు నల్లదనాన్ని తీస్తుంది కానీ పైపొరను కూడా తినేస్తుంది, పొడి సన్నని గీతలు పెడుతుంది. వయసుతో వచ్చిన బూడిదరంగు అలాగే ఉండాలి. మట్టి, దుమ్ము ఉంటే మంచినీళ్లలో ముంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. రబ్బరు బ్యాండు, పాత న్యూస్‌పేపర్, పూజగదిలో అగరబత్తి పొగ వెండిని నల్లబరుస్తాయి. మెత్తటి ప్లాస్టిక్ జేబుల ఆల్బం ఘాటు వాసన వస్తుంటే అది పీవీసీ. మన ఎండలకు అది జిగురు వదిలి, నాణెం మీద ఆకుపచ్చ పొర కడుతుంది. 30.6 మిల్లీమీటర్ల గట్టి క్యాప్సూల్‌లో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు వానలప్పుడు దాన్ని మార్చండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి. లాకెట్టుకి అతికించడం అసలు వద్దు.

క్యాప్సూల్‌తోపాటు ఒక చీటీ మీద సంవత్సరం, టంకశాల అక్షరం, బరువు, ఎక్కడ కొన్నారో, ఇది ఎవరి జ్ఞాపకంగా వేసిన నాణెమో తెలుగులో రాసి పెట్టండి. చీటీ లేని నాణేన్ని తర్వాతి తరం పాత వెండిగా తూకానికి వేసేస్తుంది.