హెడ్‌సెట్ పెట్టుకున్నాక ఒంటికి కాపలా ఎవరు? మూడు వీఆర్ సినిమాల్లో ఏది మేలు

మొన్న వేసవి సెలవుల్లో మా మేనల్లుణ్ణి విజయవాడలో ఒక మాల్‌కి తీసుకెళ్ళాను. పై అంతస్తులో వీఆర్ (వర్చువల్ రియాలిటీ, కళ్ళకి హెడ్‌సెట్ తగిలిస్తే చుట్టూ ఇంకో లోకం కనిపించేది) ఆట పెట్టారు. ఐదు నిమిషాలకి 150 రూపాయలు. వాడు కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ తగిలించుకోగానే రోలర్ కోస్టర్ మొదలైంది. ప్రాణం ఏదో కొండ అంచున వేలాడుతోంది, ఒళ్ళు మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. ఎడమకాలి చెప్పు ఊడి దొర్లిపోయినా వాడికి తెలీదు. "భుజం పట్టుకోండి సార్, నిన్న ఒక బాబు ముందుకి తూలిపోయాడు" అన్నాడు ఆట నడిపే కుర్రాడు. ఐదు నిమిషాలూ ఒక చేత్తో వాడి భుజం, ఇంకో చేత్తో వాడి చెప్పు పట్టుకుని నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాడు, "మావయ్యా, ఇట్లాంటి సినిమా ఏదన్నా ఉంటే పెట్టవా" అని. నాకు వెంటనే తట్టినవి మూడు: ట్రాన్, ద మ్యాట్రిక్స్, రెడీ ప్లేయర్ వన్. ఏది ముందు పెట్టాలో తేల్చుకోలేక ఆ వారంలో మూడూ చూశాం. అవసరమైన చోట కథలు బయటపెడతాను, ముందే తెలిసిపోతే నచ్చనివాళ్ళు చూశాకే చదవండి.

మన దగ్గర వీఆర్‌కి పాత పేరొకటుంది, పరకాయ ప్రవేశం. శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలోకి వెళ్ళేముందు తన ఒంటిని గుహలో ఉంచి, జాగ్రత్తగా చూడమని శిష్యులకి అప్పగించిన కథ వినే ఉంటారు. అవతల చచ్చి బతికిన రాజు వాలకం చూసి మంత్రులకి అనుమానం వస్తుంది. ఎక్కడ దిక్కులేని శవం కనిపించినా కాల్చెయ్యమని భటుల్ని పంపుతారు. చిన్నప్పుడు మా తాతయ్య ఈ కథ చెప్తుంటే అంతఃపురంలో ఏం జరిగిందో నాకు పట్టేది కాదు, గుహ దగ్గరికి భటులు ఎంత దూరంలో ఉన్నారన్నదే టెన్షన్. వీఆర్ సినిమా చూసేటప్పుడూ నా మనసు అక్కడే ఉంటుంది. మనిషి అటు వెళ్ళాడు సరే, ఇటు మిగిలిన ఒంటి సంగతేంటి?

ఈ లెక్కన ట్రాన్ మొదట్లోనే వెనకబడుతుంది. 1982లో డిస్నీ తీసిన సినిమా, దర్శకుడు స్టీవెన్ లిస్‌బర్గర్, నిడివి 96 నిమిషాలు. తను రాసిన గేముల్ని కంపెనీలో ఒకడు కాజేసి పెద్ద కుర్చీ ఎక్కాడని, ఆ రుజువు కోసం హీరో ఫ్లిన్ రాత్రిపూట ల్యాబ్‌లోకి దూరతాడు. అక్కడ పెత్తనం చేసే ప్రోగ్రామ్ అతని మీద లేజర్ ప్రయోగిస్తుంది. ఆ లేజర్ ఏం చేస్తుందో అంతకుముందే ఒక నారింజపండు మీద చూపిస్తారు. పండు గళ్ళు గళ్ళుగా మాయమైపోయి, కాసేపటికి మళ్ళీ అదే చోట ప్రత్యక్షమవుతుంది. ఫ్లిన్ కూడా అలాగే గళ్ళు గళ్ళుగా కరిగి కంప్యూటర్‌లోకి పోతాడు. కుర్చీ ఖాళీ. ఒళ్ళే లేదు కాబట్టి కాపలా బెడదా లేదు. లోపల ఓడితే పోతాడన్న భయం ఉంటుంది కానీ, బయట ఎవరో తలుపు తడుతున్నారన్న భయం ఉండదు. అందుకే నాకు పెద్దగా కంగారు పుట్టలేదు.

కళ్ళకి మాత్రం ఇప్పటికీ ఇంపుగానే ఉంది. లైట్ సైకిళ్ళ పందెంలో బండి వెళ్ళిన దారంతా గోడ లేస్తుంది, మలుపంటే నిక్కచ్చిగా 90 డిగ్రీలే, ఎదుటివాణ్ణి ఆ గోడల మధ్య ఇరికించాలి. పాత నోకియా ఫోన్లో పాము ఆట ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొత్తం సినిమాలో పూర్తిగా కంప్యూటర్ గీసిన బొమ్మ ఓ పావుగంట, ఇరవై నిమిషాలకి మించదు. నటుల ఒంటి మీద మెరిసే గీతలు కంప్యూటర్ పని కాదు. నల్లటి సెట్లో నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీసి, ఒక్కో ఫ్రేమూ పెద్దది చేసి, చేత్తో మాస్కులు వేసి వెనక నుంచి లైటు పంపి తెప్పించిన మెరుపు అది. ఆ ముసుగుల పని చాలావరకు తైవాన్‌లో జరిగింది. ఇంత చేసినా విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. కంప్యూటర్ వాడటం దొంగాట కింద లెక్కేశారని దర్శకుడు తర్వాత చెప్పుకున్నాడు. ఇదంతా నేను ఉత్సాహంగా వివరిస్తుంటే నలభయ్యో నిమిషంలో మావాడి చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళింది. 2010లో వచ్చిన రెండో భాగానికి డాఫ్ట్ పంక్ ఇచ్చిన సంగీతం బాగుంటుంది, అంతవరకే.

రెడీ ప్లేయర్ వన్‌కి ఫోన్ ముట్టుకోలేదు. ఎర్నెస్ట్ క్లైన్ 2011 నవలని స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2018లో సినిమాగా తెచ్చాడు. కాలం 2045, ఊరు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్. చక్రాల ఇళ్ళని బియ్యం బస్తాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తీలో వేడ్ అనే కుర్రాడు పిన్ని పంచన బతుకుతుంటాడు. బస్తీలో ఎవరూ ఈ లోకంలో ఉండరు, అందరూ హెడ్‌సెట్లు పెట్టుకుని ఒయాసిస్ అనే ఆటలోకి పోయి గాల్లో చేతులు ఊపుతుంటారు. ఒయాసిస్‌ని కట్టిన హాలిడే పోతూ పోతూ అందులో ఒక గుడ్డు దాచిపెడతాడు. మూడు తాళాలు సంపాదించి గుడ్డు పట్టినవాడికి మొత్తం ఆస్తి. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలకలో మాంత్రికుడి ప్రాణం అని విని పెరిగినవాళ్ళం, మనకిది కొత్త కథేం కాదు. సాహస కథకి ఇంతకంటే మంచి కట్టుబడి లేదు కూడా.

మొదటి తాళం కోసం న్యూయార్క్ వీధుల్లో కార్ల పందెం పెడతారు. డైనోసార్ కార్లని నమిలేస్తుంది, దాన్ని దాటితే చివర్లో కింగ్ కాంగ్ దూకుతుంది. ఏళ్ళ తరబడి ఒక్కడూ గీత దాటలేదు. వేడ్ హాలిడే పాత వీడియోల్ని మళ్ళీ మళ్ళీ చూసి, ఒక్కసారైనా వెనక్కి ఎందుకు వెళ్ళకూడదు అని అతను విసుక్కున్న మాట పట్టుకుంటాడు. మర్నాడు పచ్చలైటు పడగానే అందరూ ముందుకి దూకుతారు. వీడు రివర్స్ గేర్ వేసి యాక్సిలరేటర్ తొక్కుతాడు. కారు వెనక్కి పరిగెత్తుతుంది, గోడకి గుద్దుకుంటుందనుకునేలోపు నేల వంగి దారి ఇస్తుంది. రోడ్డు కింద ఇంకో రోడ్డు. పైన గాజులాంటి కప్పులోంచి కాంగ్ పాదాలు, నుజ్జవుతున్న కార్లు కనిపిస్తుంటాయి, కింద వీడు ఒక్కడే హాయిగా పోతుంటాడు. మా వాడు లేచి నిలబడి చూశాడు. నేను రెండోసారి చూస్తూ కూడా నవ్వాను.

ఒంటి కాపలా విషయంలో ఈ సినిమా చివరి అరగంటలో దారికొస్తుంది. వేడ్ ఒయాసిస్‌లో ఆఖరి పోరాటంలో ఉంటే, వాడి ఒళ్ళు ఒక వ్యాన్‌లో పట్టీలకి కట్టి ఉంటుంది. స్నేహితులు ఆ వ్యాన్‌ని కొలంబస్ రోడ్ల మీద దౌడు తీయిస్తుంటారు, వెనక ఒయాసిస్‌ని తన చేతిలోకి తెచ్చుకోవాలని చూసే కంపెనీ మనుషులు తరుముకొస్తారు. బయట వ్యాన్ కుదుపుకి లోపల వాడి పట్టు తప్పుతుంది. గుహ, భటులు, అచ్చంగా మా తాతయ్య చెప్పిన కథే. రెండు లోకాలకీ తేడా తెలియాలని బయటి సన్నివేశాల్ని ఫిల్మ్ రీలు మీద, లోపలివి డిజిటల్‌లో తీశారు.

కానీ అంతకుముందు గంటన్నరా లెక్క తేలిగ్గానే నడుస్తుంది. ఒయాసిస్‌లో చస్తే నాణేలు, ఆయుధాలు పోతాయి, ప్రాణం పోదు. పైగా చివర్లో అందరూ బూడిదైతే హీరోకి మాత్రం దాచుకున్న ఒక నాణెం ఇంకో ప్రాణం ఇస్తుంది. అది నాకు కాస్త తొండిగానే అనిపించింది. ఇంకా బాధపెట్టినది వేరే ఉంది. కంపెనీవాళ్ళు వేడ్ ఇల్లున్న ఆ డబ్బాల మేడని పేల్చేస్తారు. పిన్ని పోతుంది. పెంచిన మనిషి పోతే వాడు ఒక పూట ఏడవడు, కథ వాడికి తీరికివ్వదు. అదే సినిమాలో అప్పు కట్టలేనివాళ్ళని ఎత్తుకెళ్ళి, హెడ్‌సెట్ తగిలించి, ఆటలోపల బాంబులు పాతించే కొట్టం చూపిస్తారు. వెట్టిచాకిరీ అంటే ఏంటో తెలిసిన మనకి అది గుండెలో గుచ్చుకుంటుంది. స్పీల్‌బర్గ్ అక్కడ ఇంకో పది నిమిషాలు ఆగి, పాత సినిమా బొమ్మల కవాతు పది నిమిషాలు తగ్గించి ఉంటే ఈ వ్యాసం ఇక్కడే ముగిసేది.

ఇక మ్యాట్రిక్స్. వచోస్కీలు తీసిన ఈ సినిమా 1999 మార్చి 31న అమెరికాలో విడుదలైంది. నాలుగు ఆస్కార్లకి నామినేషన్ వస్తే నాలుగూ తెచ్చుకుంది. మనుషుల్ని బందీలు చేసుకున్న యంత్రాలు వాళ్ళ బుర్రలకి చూపించే ఉత్తుత్తి లోకమే మ్యాట్రిక్స్. తప్పించుకున్న కొందరు ఒక ఓడలో ఉంటూ, ఆ లోకంలోకి వెళ్ళొస్తుంటారు. ఇందులో హెడ్‌సెట్ లేదు. మెడ వెనక రంధ్రంలో తీగ గుచ్చుతారు, మనిషి కుర్చీలో వాలిపోతాడు. హీరో నియో మొదటిసారి మేడ మీంచి మేడ మీదకి దూకబోయి కింద పడతాడు. అదంతా ఉత్తుత్తి సాధన, నేల కూడా పరుపులా వంగుతుంది. కళ్ళు తెరిచి కుర్చీలో లేచాక పెదవి తుడుచుకుంటే వేలికి రక్తం. అక్కడ చస్తే ఇక్కడా చస్తామా అంటాడు. మనసు పోయాక ఒళ్ళు నిలవదన్నట్టు ఆ జట్టు నాయకుడు మార్ఫియస్ జవాబిస్తాడు. ఆ ఒక్క చుక్క నెత్తురుతో మిగతా సినిమా మొత్తానికి బరువొచ్చేసింది.

బయటపడాలంటే ల్యాండ్‌లైన్ ఫోన్ దొరకాలి. "సెల్ ఉందిగా, దాంట్లోంచి రావచ్చుగా?" అని మావాడు. ఆ రోజుల్లో మన ఊళ్ళలో సందుకో ఎస్టీడీ బూత్ ఉండేదని చెప్పాను, నమ్మినట్టు లేడు.

అసలు దెబ్బ సగం దాటాక తగులుతుంది. ఓడలో తోటివాళ్ళ ఒళ్ళని కాచుకోవాల్సిన జట్టు మనిషి సైఫర్ శత్రువుతో బేరం కుదుర్చుకుని ఉంటాడు. రోజూ తాగే జావ మొహం మొత్తి, అబద్ధమని తెలిసినా సరే మాంసం ముక్క రుచి కావాలంటాడు. కుర్చీల మధ్య తిరుగుతూ, ఫోన్లో అదే జట్టులోని ట్రినిటీతో తాపీగా మాట్లాడుతూ, ఒక్కొక్కరి మెడ దగ్గర తీగ లాగేస్తాడు. అవతల నిలబడి ఉన్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోతుంది. కత్తి లేదు, తుపాకీ లేదు, ప్లగ్గు పీకడమే. కంచే చేను మేస్తే ఎలా ఉంటుందో వీఆర్ సినిమాల్లో ఇంత చల్లగా చూపించినది నేను ఇంకోటి చూడలేదు. సుమారు 120 కెమెరాలు వరసగా పెట్టి తీసిన బుల్లెట్ టైమ్ షాట్లు (మనిషి గాల్లో ఆగినట్టుంటే చూపు చుట్టూ తిరిగేవి) గొప్పవే, కానీ వాటిని తర్వాత మన సినిమాలతో సహా అందరూ వాడి అరగదీశారు. సైఫర్ సీను మాత్రం అలాగే పదునుగా ఉంది.

అందుకని పెద్దవాళ్ళు ఒక్క సినిమాయే చూస్తామంటే నా ఓటు మ్యాట్రిక్స్‌కే. సాహసం పాలు కాస్త తక్కువ, మాటలు ఎక్కువ, మధ్యలో మార్ఫియస్ ప్రవచనం మొదలెడితే టీ పెట్టుకుని రావచ్చు. అయినా మూడింటిలో ఒంటిని మర్చిపోనిది అదే. పదేళ్ళ పిల్లలకి వద్దు. బొడ్డులోంచి పురుగుని దూర్చే సీను, లాబీలో కాల్పులు చూసి మా వాడికి రాత్రి నిద్రపట్టలేదు, అక్కతో నాకు చీవాట్లు పడ్డాయి. ఇంటిల్లిపాదీ కూర్చునేటట్టయితే రెడీ ప్లేయర్ వన్ పెట్టండి. రెండో తాళం దగ్గర హోటల్ సీనులో మాత్రం చిన్నపిల్లల కళ్ళు మూయాల్సి వస్తుంది. ట్రాన్ గ్రాఫిక్స్ పనిలో ఉన్నవాళ్ళకి, గేములు రాసేవాళ్ళకి.

అక్క మూడింటిలో ఒకటే చూసింది, రెడీ ప్లేయర్ వన్. వంటింట్లోంచి వస్తూ పోతూ చూసింది. గెలిచాక వేడ్ ఒయాసిస్‌కి మంగళవారం, గురువారం సెలవు ప్రకటించినప్పుడు మాత్రం వచ్చి సోఫాలో కూర్చుంది. ఇప్పుడు వాళ్ళింట్లో మంగళ, గురువారాలు వైఫై ఉండదు. నిన్న వాడు వాళ్ళ నాన్న ఫోన్ నుంచి నాకు చేశాడు. "మావయ్యా, నువ్వు ఆ ట్రానే పెట్టి ఊరుకోవాల్సింది."