టొరంటో మ్యూజియంలో చంద్రగిరి గుర్తొచ్చింది

టొరంటో వెళ్లే మన తిరుపతి వాళ్లు చాలామంది నయాగరా చూసి వచ్చేస్తారు. రాయల్ ఒంటారియో మ్యూజియానికి కూడా ఒక పూట ఉంచుకోండి. 1914లో తెరిచిన పాత మ్యూజియం అది. దాని ఒంట్లోంచి అల్యూమినియం, గాజు పలకల స్ఫటికం ఒకటి పొడుచుకొచ్చి బ్లూర్ వీధి మీదికి వంగి ఉంటుంది. డేనియల్ లిబెస్కిండ్ డిజైన్ చేశారు, 2007లో తెరిచారు. మ్యూజియంలోని ఖనిజాల స్ఫటికాలే ఆయనకు ప్రేరణ, మొదటి బొమ్మలు పేపర్ నాప్‌కిన్ల మీద గీశారు. 3 కోట్ల కెనడా డాలర్లు ఇచ్చిన మైఖేల్ లీ-చిన్ పేరు దానికి పెట్టారు.

"ఇంత మంచి పాత కట్టడాన్ని ఎందుకక్కా ఇట్లా పాడు చేశారు?" అంది మా చెల్లెలు. అక్కడి వాళ్లలోనూ చాలామందికి ఇదే కోపం. నాకు మాత్రం బయటి నుంచి చాలా నచ్చింది. తిరుపతి పక్కనే విజయనగర రాజులు కట్టిన మన చంద్రగిరి రాజమహల్ మాత్రం ఏం చేసింది? కింద కమాన్లు, పైన గుడి గోపురాల్లాంటి శిఖరాలు, కలప అన్నదే లేకుండా రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులు. కట్టిన రోజుల్లో అదీ కొత్తదే, ధైర్యంగా కట్టిందే.

లోపలికి వెళ్లాక నా అభిప్రాయం కొంచెం మారింది. వాలు గోడలకు ఏదీ తగిలించలేరు, వాటి కింద చాలా జాగా వృథా. మూడో అంతస్తులోని దక్షిణాసియా గ్యాలరీలో మన దేవతా విగ్రహాల ముందు నిలబడితే చూపు విగ్రహం మీద నిలవదు, గోడ మీదికే పోతుంది. అదే డైనోసార్ల దగ్గర ఆ వాలు బ్రహ్మాండంగా కుదిరింది. 27 మీటర్ల బారోసారస్ ఎముకల గూడు ఉందక్కడ. దాని ఎముకలు దశాబ్దాలు స్టోరులో మరుగున పడి ఉండి, 2007లోనే బయటపడ్డాయి. పిల్లలుంటే నేరుగా అక్కడికే వెళ్లండి.

పాత భాగాన్ని వదిలేయకండి. క్వీన్స్ పార్క్ వైపు గుండ్రటి హాలు పైకప్పు నిండా వెనీస్ గాజు ముక్కల మొజాయిక్, మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. మేం వెళ్లినప్పుడు బ్లూర్ వైపు ద్వారం దగ్గర పనులు జరుగుతున్నాయి, ఈ వైపు నుంచే ప్రవేశం. సబ్‌వేలో మ్యూజియం స్టేషన్‌లో దిగితే ప్లాట్‌ఫాం స్తంభాలే ఈజిప్టు, చైనా శిల్పాల రూపంలో కనిపిస్తాయి.

బస విషయానికొస్తే, మొదట డౌన్‌టౌన్‌లో ఒక హోటల్ తీసుకున్నాం. ఇరుకు గది, కనీసం కెటిల్ లేదు, రాత్రి చేరేసరికి బుకింగ్ కనపడలేదంటే ఒకటే టెన్షన్. తర్వాత స్కార్‌బరోలో చెల్లెలి ఇంటికి మారిపోయాం. దూరమే, కానీ సబ్‌వే ఉంది, శ్రీలంక తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోసె దొరుకుతాయి. శాకాహారులకు అదే మేలు.

తిరిగొచ్చాక చంద్రగిరి మళ్లీ చూశాను. తిరుపతి నుంచి బస్సులో, ఆటోలో కాసేపట్లో వెళ్లొచ్చు. పచ్చిక, కొండ, ప్రశాంతత, వీటిలో దానికి సాటి లేదు. కానీ రాజమహల్‌ను రాజుల కోసం కట్టారు. ఇప్పుడు అది మ్యూజియం, అందులోనే కంచు, రాతి విగ్రహాలన్నీ సర్దుకోవాలి. 1639లో ఇంగ్లీషువాళ్ల మద్రాసు కోటకు స్థలం ఇచ్చిన విజయనగర రాజుల కథ చెప్పడానికి ఆ గదులు చాలవు. రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం చట్టం ఒప్పుకోదు, ఆపై 200 మీటర్లకు అనుమతి కావాలి. ఆ హద్దు దాటాకైనా ఒక కొత్త హాలు కట్టాలని నా కోరిక. పాత మహల్‌కు నకలు మాత్రం వద్దు, ఈ కాలం కట్టడంలాగే ఉండాలి. గోడలు మాత్రం నిటారుగా, విగ్రహాల మీద వెలుతురు పడేలా కట్టాలి. వెళ్లేవాళ్లకు ఒక మాట: శుక్రవారం చంద్రగిరి మ్యూజియానికి సెలవు.