వోల్స్‌లీ 1500కి వేసిన నకలు పార్టులు: ఏళ్ల వాడకం తర్వాత

వోల్స్‌లీ 1500 అనే బ్రిటిష్ కారు తయారీ 1957లో మొదలై 1965లో ఆగింది. అడుగుభాగం, ముందు సస్పెన్షన్ మోరిస్ మైనర్ అనే చిన్న కారు నుంచి తెచ్చుకున్నవి. ఇంజన్ మాత్రం 1489 సీసీది, బి-సిరీస్ అనే రకం. ఈ పుట్టుక వల్లే పార్టుల విషయంలో దీనికి రెండు జాతకాలు. మైనర్లు పదహారు లక్షల దాకా రోడ్డెక్కాయి, నడిపేవాళ్ళు ఇంకా బోలెడుమంది, కాబట్టి కింద ఉండే సామాను ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. పైకి కనిపించేవాటికి, అంటే గ్రిల్‌కి, దాని మధ్యలో రాత్రిపూట వెలిగే బ్యాడ్జీకి, అద్దాల చుట్టూ ఉండే బీడింగుకి (రబ్బరు పట్టీకి) నాథుడు లేడు.

నా బండికి కొన్నవీ చేయించుకున్నవీ చాలానే ఎక్కాయి. ఏవి నిలబడ్డాయో, ఏవి పరువు తీశాయో రాస్తున్నాను. నా లెక్కలో కొలత తప్పిన పార్టు పెద్ద ప్రమాదం కాదు, బిగించేటప్పుడే దొరికిపోతుంది. పదార్థం తప్పిన పార్టుతోనే చిక్కు. అది మొదట ముచ్చటగా కూర్చుంటుంది, మనం మర్చిపోయాక తన పని చూపిస్తుంది.

దీనికి రోటర్ ఆర్మ్‌ని మించిన ఉదాహరణ లేదు. ప్లగ్గులకు వరసగా స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కింద తిరిగే బొటనవేలంత ముక్క అది. ప్లగ్గులకు పోయే వేల వోల్టులు దాని ఇత్తడి రేకు మీదుగానే దాటాలి. చవక నకళ్ళలో ఆ రేకుని రివెట్‌తో బిగిస్తారు. రివెట్ కాలు షాఫ్ట్‌కి మరీ దగ్గరగా దిగుతుంది, మధ్యలో మిగిలేది పలచని ప్లాస్టిక్ పొర. నలుపు కోసం ఆ ప్లాస్టిక్‌లో కార్బన్ ఎక్కువ కలిపితే ఆ పొర కూడా కరెంటుని పూర్తిగా ఆపదు. బండి చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్టవుతుంది. వేడెక్కి, ఎత్తు ఎక్కుతూ లోడు పడ్డప్పుడు స్పార్కు షాఫ్ట్‌లోకి జారిపోతుంది, ఇంజన్ ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఇలాంటప్పుడు అందరూ కార్బ్యురేటర్ మీద, పెట్రోలు పంపు మీద పడతారు తప్ప మొన్ననే వేసిన కొత్త ముక్కని ఎవరూ అనుమానించరు. రివెట్ లేకుండా రేకుని అచ్చులోనే పొదిగిన ఎర్ర రకం వేశాక నా బండికి ఆ జబ్బు తిరిగి రాలేదు. ధర కాస్త ఎక్కువైనా కళ్ళు మూసుకుని అదే కొనండి.

డిస్ట్రిబ్యూటర్‌కే ఉండే చిన్న విద్యుత్ భాగం, కండెన్సర్‌దీ అదే దారి. మీటరు పెడితే 0.2 మైక్రోఫారడ్ దగ్గర సరిగ్గానే చూపిస్తుంది, ఎందుకంటే మనం చల్లగా ఉన్నప్పుడు కొలుస్తాం. లోపలి అతుకు వేడికి వదిలేస్తే ఆ కొలతకి అర్థం లేదు. అలాగని అరలో దశాబ్దాలు మూలిగిన ఒరిజినల్ పెట్టె దొరికిందని పొంగిపోకండి. పాత కండెన్సర్లలో ఇన్సులేషన్‌గా వాడింది కాగితం, సీలు వదులైతే అది తేమ పీల్చుకుంటుంది.

రబ్బరు దగ్గర ఎక్కువసేపు ఆగాలి. అద్దం బీడింగుని రెండు రకాలుగా చేస్తారు. ఒకటి పొడవాటి పట్టీగా లాగి, కోసి, మూలల్లో అతికేది. రెండోది మూలల్ని విడిగా అచ్చులో పోసి కలిపేది. మొదటిదానికి కొత్త అచ్చు ఖర్చు తక్కువ కాబట్టి అరుదైన బండ్లకి దొరికేది ఎక్కువగా అదే. బిగించిన రోజు తేడా తెలియదు. చవక రబ్బరులో సుద్దపొడీ నూనే ఎక్కువ కలుపుతారు. ఎండకి ఆ నూనె మెల్లగా బయటికి పోతుంది, పట్టీ గట్టిపడి కుంచించుకుపోతుంది, అతుకు దగ్గర వెలితి తెరుచుకుంటుంది. అక్కడినుంచి నీళ్ళు దిగి, కంటికి కనపడని చోట రేకు తుప్పు పడుతుంది. నేను చూసిన గుర్తు ఒకటుంది: కొత్త బీడింగుని వేలితో గట్టిగా రుద్దితే మసి అంటుకుంటే అది ఎక్కువకాలం నిలవలేదు. అంటనిది, ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) అని రాసి అమ్మినది, ఇప్పటికీ మెత్తగానే ఉంది. బిగించడానికి మాత్రం చుక్కలు చూపించింది.

కానీ ఈపీడీఎం అన్నిచోట్లా పనికొచ్చే మందు కాదు. గ్లైకాల్ బ్రేకు ద్రవానికి అది సరైన జోడీ. పెట్రోలో ఇంజనాయిలో తగిలితే ఉబ్బిపోతుంది. నైట్రైల్ అనే ఇంకో కృత్రిమ రబ్బరు సరిగ్గా దీనికి ఉల్టా. రెండూ నల్లగానే ఉంటాయి, రింగు చేతిలో పెట్టి చూస్తే తేడా చెప్పలేం. ప్యాకెట్ మీద పదార్థం పేరు లేని బ్రేకు సీలు నేను వేయను.

గుడ్డ అల్లిక ఉన్న పెట్రోలు గొట్టాల గురించి ఒక్కమాట. చూడ్డానికి 1950లవాటిలా భలే ఉంటాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి లోపలి పొర పగులుతుంది, పైన అల్లిక ఉండటంతో ఆ పగులు కనిపించదు. వేడి ఇంజన్ పక్కన ఇది ఆటలాడే విషయం కాదు. అందం వదిలేసి, మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని (పెట్రోలు గొట్టాల ప్రమాణం పేరు) అచ్చైన మామూలు గొట్టం వేశాను.

ఇక ఎక్కడా దొరకక చేయించుకున్నవి. ముందు తలుపులోని చిన్న తిప్పుడు అద్దానికి ఉండే గొళ్ళెం జింకు మిశ్రమంతో పోసినది. ఆ లోహంలో సీసం లాంటి మలినం ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ లోపలినుంచే పగుళ్ళిస్తుంది, అతికించడానికి ఏమీ మిగలదు. కంచుతో పోయించాను. విరిగినదాన్నే మూసగా పెడితే వచ్చేది చిన్నదౌతుంది, కంచు చల్లారేటప్పుడు ఒకటిన్నర శాతం పైగా కుంచించుకుంటుంది. 60 మిల్లీమీటర్ల ముక్కలో అది దాదాపు ఒక మిల్లీమీటరు. పైగా క్రోమ్‌కి ముందు పాలిష్ ఇంకొంత తినేస్తుంది. కాబట్టి మూసని ఆ మేరకు పెంచి చేయాలి.

అరిగిన పార్టుని కొలిస్తే అరుగుదల కూడా డ్రాయింగులోకి ఎక్కుతుందన్నది ఇంకో చిక్కు. త్రీడీ స్కానర్ ఎంత ఖరీదైనదైనా అది ఇప్పుడున్న ఆకారాన్నే చూపిస్తుంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిననాటి ఆకారం దానికి తెలీదు. ఇక్కడ అంగుళాల్లో ఆలోచించడం పనికొచ్చింది. పిన్ను 6.1 మిల్లీమీటర్లు చూపిస్తే అది అరిగిన పావంగుళం, అంటే 6.35. అది దూరే కన్నాన్ని తక్కువ అరిగిన చోట కొలిచి సరిచూసుకుంటే సందేహం తీరుతుంది. గొళ్ళెం ఇప్పటికీ టక్కున పడుతోంది. చేయించినవాటిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే.

త్రీడీ ప్రింటర్‌తో చేయించిన డాష్‌బోర్డు గుబ్బలు మాత్రం నిరాశే. ప్రింటర్‌లో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు ఆ వేడిని సులువుగా దాటుతుంది. ఏఎస్ఏ అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేసినవి ఆగాయి కానీ పొరల గీతలు దగ్గరగా చూస్తే తెలుస్తాయి. లోహపు ప్రింటింగ్ వేరే లోకం. పోర్షే 2018లో 959 మోడల్ క్లచ్ రిలీజ్ లివర్‌ని ఇలా ఉక్కు పొడితో చేసింది. ఆ కార్లు మొత్తం 292 మాత్రమే, అంత తక్కువ సంఖ్యకి కొత్త పోత అచ్చు గిట్టదు. అయితే వాళ్ళు ఆ లివర్‌ని దాదాపు మూడు టన్నుల ఒత్తిడి కింద పరీక్షించి, లోపలి లోపాల కోసం టోమోగ్రఫీ (లోపలిదాకా చూపే స్కాన్) కూడా చేశారు. మామూలు వర్క్‌షాపులో ఆ సౌకర్యం ఉండదు కనుక స్టీరింగు, బ్రేకు, సస్పెన్షన్ జోలికి నేను ప్రింటర్‌ని రానివ్వను.

చివరికి బ్యాడ్జీ. వోల్స్‌లీలకి 1930ల నుంచి ఉన్న ఈ దీపం వెలగకపోతే అది వోల్స్‌లీయే కాదని నా పట్టుదల. సిలికాన్ అచ్చులో రెసిన్ పోసి చేసినది వేశాను. పగలు ఏ లోపమూ కనపడదు. వెనక బల్బు వెలిగితే రెసిన్‌లో చిక్కుకున్న ప్రతి గాలిబుడగా బయటపడుతుంది. రంగు కూడా మొదటి తెలుపు నుంచి పసుపులోకి తిరిగింది, సగం ఎండ వల్ల, సగం బల్బు వేడి వల్ల. ఇలాంటి అచ్చు కొన్ని పోతలకే అంచులు చిరుగుతుంది, అందుకే చేసేవాళ్ళు ముందుగా ఆర్డర్లు పోగుచేసుకుని ఒకే విడతలో పోస్తారు. ఆ జాబితాలో పేరు రాయించేటప్పుడు రెసిన్‌లో ఎండని తట్టుకునే యూవీ స్టెబిలైజర్ కలుపుతున్నారా, పోసే ముందు వ్యాక్యూమ్‌లో గాలి తీస్తున్నారా అని అడగండి. వచ్చాక పాత బల్బు తీసి పసుపు ఛాయ ఎల్ఈడీ పెట్టి, అప్పుడు బిగించండి.