థింక్‌ప్యాడ్ ఎక్స్230లో 320 జీబీ నుంచి 2 టీబీకి: రెండేళ్లు హార్డ్ డిస్క్, నాలుగేళ్లు ఎస్‌ఎస్‌డీ

థింక్‌ప్యాడ్ ఎక్స్230 లాప్‌టాప్‌లో డిస్క్ పెట్టే అర ఎత్తు 7 మిల్లీమీటర్లు. కొనే ముందు తెలియాల్సిన మొదటి సంగతి ఇదే. పాత లాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన 2.5 అంగుళాల డిస్కుల్లో చాలావాటి మందం 9.5 మి.మీ. ఉంటుంది, అవి ఇందులోకి దూరవు. 4 టీబీ, 5 టీబీ అని కనిపించే 2.5 అంగుళాల హార్డ్ డిస్కులు 15 మి.మీ. మందంతో వస్తాయి, అవి యూఎస్‌బీ డబ్బాల్లో పెట్టుకోవడానికే పనికొస్తాయి. 7 మి.మీ.లో దొరికే హార్డ్ డిస్క్ 2 టీబీతో ఆగిపోతుంది. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎస్‌డీయే (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో దాచే డిస్క్) గతి.

ఈ మిషన్‌తో వచ్చింది 320 జీబీ, 7200 ఆర్‌పీఎం డిస్క్. దాని స్థానంలో మొదట రెండేళ్లు 2 టీబీ హార్డ్ డిస్క్, తర్వాత నాలుగేళ్లుగా శాంసంగ్ 870 ఈవో 2 టీబీ. రెంటిలోనూ విండోస్ చూపించే చోటు ఒకటే, 1.81 టీబీ. మిగతాది ఎవరూ కొట్టేయలేదు. కంపెనీ టీబీ అంటే వెయ్యి వెయ్యిగా లెక్క, విండోస్‌ది 1024 లెక్క. చోటు ఒకటే అయినా హార్డ్ డిస్క్ మీద పెట్టిన డబ్బు మాత్రం దండగ అనే చెప్పాలి.

ఆ డిస్క్ పాడైపోలేదు, దాని తయారీయే అలాంటిది. 7 మి.మీ. మందంలో 2 టీబీ పట్టించడానికి ఎస్‌ఎంఆర్ పద్ధతి వాడతారు. ఇంటి కప్పు మీద పెంకులు ఒకదాని అంచు మీద ఇంకొకటి పరిచినట్టు, డేటా రాసే ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. నడిమి పెంకు మార్చాలంటే పైవరస కదపాల్సిందే కదా. ఇక్కడా అంతే, మధ్యలో ఒక చిన్న ఫైల్ మార్చినా పక్క ట్రాకులన్నీ తిరిగి రాయాలి. ఖాళీ డిస్క్ మీదికి పెద్ద వీడియో ఫోల్డర్ కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ పైనే పోతుంది, అందుకే మొదటి నెల అంతా బాగున్నట్టే ఉంటుంది. సగం నిండాక అసలు రంగు బయటపడుతుంది. విండోస్ అప్‌డేట్ మొదలైతే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోతుంది, కాపీ వేగం 20 ఎంబీకి, ఒక్కోసారి అంతకన్నా కిందికి జారుతుంది. బ్యాకప్ డిస్క్‌గా వాడితే ఇదే సరుకు బంగారం. ఒకసారి రాసి చాలాసార్లు చదివే పనికి ఎస్‌ఎంఆర్ అడ్డు రాదు. విండోస్ ఉండే సీ డ్రైవ్‌కి మాత్రం వద్దు. పెట్టె మీద ఈ మాట రాయరు, మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ డేటాషీట్‌లో ఎస్‌ఎంఆరా, సీఎంఆరా (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని పద్ధతి) చూసుకోవాలి.

ఇక మార్పిడి. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు పాత డిస్క్ ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 వరసల్లో (డిస్క్‌లో చెడిన చోట్ల లెక్కలు) సున్నా కాక వేరే అంకె ఉంటే మామూలు క్లోనింగ్ (డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయడం) మధ్యలో ఆగిపోయే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ముందు అవసరమైన ఫైళ్లు విడిగా కాపీ చేసుకుని, కొత్త డిస్క్‌లో విండోస్ మొదటి నుంచి ఎక్కించుకోవడమే మేలు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే ముందే తీసేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగాలి.

క్లోనింగ్‌కి యూఎస్‌బీ 3.0 నుంచి సాటాకి (డిస్క్ కనెక్టర్) మారే కేబుల్ ఒకటి చాలు. ఎక్స్230లో యూఎస్‌బీ 3.0 పోర్టులు ఎడమ పక్కన ఉన్న రెండు. కుడి పక్కది 2.0, దానికి పెడితే సెకనుకు 35 ఎంబీ దాటదు. పాత డిస్క్‌లో 280 జీబీ ఉంటే ఎడమ పోర్టులో గంట, గంటంబావు, కుడి పోర్టులో రెండున్నర గంటలు. క్లోన్‌జిల్లా ఉచితం, నమ్మకమైనది, కానీ దాని తెర చూసి కొత్తవాళ్లు జడుసుకుంటారు. శాంసంగ్ డిస్క్ కొన్నవాళ్లకి శాంసంగ్ మెజీషియన్‌లోనే డేటా తరలించే సదుపాయం ఉంది. ఏది వాడినా ఏది సోర్స్, ఏది టార్గెట్ అన్నది సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోవాలి. తిరగేస్తే ఖాళీ డిస్క్ వచ్చి డేటా మీద కూర్చుంటుంది.

క్లోన్ అయ్యాక అందరూ తట్టుకునే రాయి ఒకటుంది. సీ డ్రైవ్ పాత సైజులోనే ఉంటుంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ వాల్యూమ్ మసకగా ఉండి నొక్కనివ్వదు. కారణం ఏమిటంటే సీ డ్రైవ్‌కి, ఖాళీ చోటుకి మధ్య 500 ఎంబీ చిల్లర రికవరీ పార్టిషన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది. విండోస్ తన పక్కనే ఆనుకుని ఉన్న ఖాళీనే కలుపుకోగలదు. జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్) లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఆ రికవరీ పార్టిషన్‌ని డిస్క్ చివరికి జరిపి, తర్వాత సీ డ్రైవ్‌ని పెంచాలి. జరిపే ముందు ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి, విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. లేదంటే పార్టిషన్ ఇంకా వాడకంలో ఉందని జీపార్టెడ్ ముట్టుకోనివ్వదు.

క్లోన్ పూర్తయ్యాక రెండు డిస్కులూ తగిలించి విండోస్‌ని లేపకూడదు. రెంటి సంతకం (విండోస్ డిస్క్‌ని గుర్తుపట్టే సంఖ్య) ఒకటే కాబట్టి ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లోకి నెడుతుంది, లేదా దాని సంతకం మార్చేస్తుంది. మొదటి బూట్ కొత్తదాని ఒక్కదానితోనే కావాలి.

లోపల పెట్టడం అయిదు నిమిషాల పని. ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీసి, అడుగున డిస్క్ మూత మీద ఉన్న ఒకే ఒక్క స్క్రూ విప్పితే మూత పక్కకి జారుతుంది. డిస్క్‌కి ఉన్న తోక పట్టుకుని నిదానంగా లాగితే బయటికి వస్తుంది. దాన్ని పట్టుకున్న రేకు క్యాడీకి (చట్రం) నాలుగు స్క్రూలు, రెండు పక్కలా నల్ల రబ్బరు పట్టీలు ఉంటాయి. 870 ఈవో మందం 6.8 మి.మీ., ఆ క్యాడీలోనే సరిగ్గా కూర్చుంటుంది.

సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపులుండే చోటు) రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్ కొనేవాళ్లు ఈ క్యాడీ, రబ్బరు పట్టీలు, మూత ఉన్నాయో లేదో అక్కడే విప్పించి చూసుకోవాలి. చాలావాటిలో ఉండవు, మడిచిన అట్టముక్క కుక్కి పంపుతారు. ఎస్‌ఎస్‌డీకి కదిలే భాగాలు లేవు కదా, పట్టీలెందుకు అనుకోవద్దు. డిస్క్ బరువంతా కనెక్టర్ మీద పడి, బ్యాగులో అటూ ఇటూ ఊగినప్పుడు కాంటాక్ట్ వదులవుతుంది. అప్పుడు ఉన్నట్టుండి మిషన్ బిగుసుకుపోతుంది, లేదా బూట్ డిస్క్ లేదంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ7 వరస, అంటే సీఆర్‌సీ తప్పుల (డేటా దారిలో చెడిన సార్ల) లెక్క, పెరుగుతూ పోతుంటే తప్పు డిస్క్‌ది కాదు, ఈ కదలికది. చాలామంది ఇక్కడే మంచి ఎస్‌ఎస్‌డీని చెడిపోయిందని తిప్పి పంపుతారు.

బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) కాన్ఫిగ్ కింద సాటా మోడ్ ఏహెచ్‌సీఐ ఉండాలి. పాత విండోస్ కంపాటిబిలిటీ మోడ్‌లో ఎక్కించినదైతే, అక్కడ నేరుగా మారిస్తే నీలి తెర ఖాయం. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌కి వెళ్లి మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేస్తే సరిపోతుంది.

నాలుగేళ్ల లెక్క ఇది. స్మార్ట్ పట్టికలో (డిస్క్ తన గురించి తాను రాసుకునే లెక్కలు) 241వ వరస (సీ5, సీ7 తరహా లెక్కలో ఎఫ్1) అంకెని 512తో గుణిస్తే ఇప్పటిదాకా రాసిన బైట్లు వస్తాయి, ఇక్కడ దాదాపు 19 టీబీ తేలింది. ఈ మోడల్‌కి కంపెనీ ఇచ్చే హామీ 1200 టీబీ లేదా అయిదేళ్లు, ఏది ముందైతే అది. ఈ వాడకంలో అయిదేళ్లే ముందొస్తాయి. బూట్ నిమిషం పైనుంచి 20 సెకన్ల లోపుకి వచ్చింది, వరసగా చదివే వేగం ఇప్పటికీ సెకనుకు 540 ఎంబీ దగ్గరే ఉంది. బ్యాటరీ మీద తేడా మాత్రం పెద్దగా ఆశించొద్దు. ఈ మిషన్‌లో తెర, ప్రాసెసర్ తాగే కరెంటు ముందు డిస్క్ వాటా తక్కువ.

ఒక్క లోటు మాత్రం ఉంది. హార్డ్ డిస్క్‌లో పొరపాటున చెరిపిన ఫైల్‌ని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తవ్వి తీయొచ్చు. ఎస్‌ఎస్‌డీలో రీసైకిల్ బిన్ ఖాళీ చేశాక ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటుని నిజంగానే తుడిచేసే ఏర్పాటు) పని మొదలైతే ఇక రాదు. కాబట్టి తీసేసిన పాత డిస్క్‌ని ఫార్మాట్ కొట్టే తొందర వద్దు, ఓ నెలన్నా పక్కన ఉంచి, ఆ తర్వాత యూఎస్‌బీ డబ్బాలో బ్యాకప్‌కి వాడుకోవచ్చు.

తక్కువ ఖర్చులో ఇంకో దారి ఎంసాటా, అంటే చిన్న కార్డు రూపంలో వచ్చే ఎస్‌ఎస్‌డీ. అరచేతులు ఆనే పలక కింద మొబైల్ డేటా కార్డు కోసం ఇచ్చిన స్లాట్‌లో ఎంసాటా ఎస్‌ఎస్‌డీ పడుతుంది, బూట్ కూడా అవుతుంది. అది సాటా 2 కాబట్టి 270 ఎంబీ దగ్గర ఆగుతుంది, రోజువారీ పనిలో ఆ తేడా కంటికి ఆనదు. అందులో 256 జీబీతో విండోస్, పెద్ద అరలో హార్డ్ డిస్క్ పెట్టుకుంటే ఎస్‌ఎంఆర్ బాధ చాలామటుకు తప్పుతుంది. కీబోర్డు, పలక రెండూ విప్పాలి. షాపులో ఎం.2 (ఇంకో రకం ఎస్‌ఎస్‌డీ కార్డు) అంటగడతారు, చూసి తీసుకోండి. అది వేరు, ఇది వేరు.

870 ఈవోలో 4 టీబీ కూడా ఇదే 6.8 మి.మీ.లో వస్తుంది. దానికి వెళ్లేవాళ్లు డిస్క్ ఎంబీఆర్ (పార్టిషన్ల పట్టిక రాసే పాత పద్ధతి) పద్ధతిలో ఉందేమో చూసుకోవాలి. ఎంబీఆర్ 2.2 టీబీ దాటి లెక్కపెట్టలేదు, మిగతా చోటు ఊరికే పడి ఉంటుంది. విండోస్‌లోని ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో జీపీటీకి (దాని కొత్త పద్ధతి) మార్చిన వెంటనే బయోస్‌లో స్టార్టప్ కింద లెగసీ తీసి యూఈఎఫ్‌ఐ పెట్టాలి. ఈ రెండో పని మరిచిపోతే మిషన్ లేవదు.