ఏఐకి ఆడిట్ ఎవరు చేస్తే మేలు?

ఉద్యోగ దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్, అప్పు ఇవ్వొచ్చా లేదా అని స్కోరు వేసే మోడల్, ఏ రోగిని ముందుగా పట్టించుకోవాలో చెప్పే ప్రోగ్రామ్... ఇలాంటివాటిని వాడే సంస్థ, వాటివల్ల ఎవరికీ అన్యాయం జరగకుండా చూసుకోవాలి కూడా. అందుకే అల్గారిథమ్ ఆడిట్లు వచ్చాయి, అంటే ఆ సాధనం ఎలా పనిచేస్తోందో, ఎవరికైనా నష్టం చేస్తోందేమో పరీక్షించి చూడటం. ఆడిట్ అవసరమే అని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. ఎవరి చేత చేయించాలన్న దగ్గరే చిక్కు. సంస్థలో పనిచేసేవాళ్లే చేసుకోవచ్చు. డబ్బిచ్చి బయటి ఆడిటర్‌ను పెట్టుకోవచ్చు. లేదా సంస్థతో ఏ లావాదేవీ లేని పరిశోధకులో విలేకరులో తమంతట తాము పరీక్షించవచ్చు. ఈ మూడింట్లో నడిమిది భద్రమైనదని చాలా యాజమాన్యాల నమ్మకం. నా లెక్కలో మాత్రం, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే మూడింట్లోకీ బలహీనమైనది అదే.

లోపలివాళ్లతో మొదలుపెడదాం. వాళ్లకున్న సౌలభ్యం ఇంకెవరికీ ఉండదు. మోడల్‌కు ఏ డేటాతో శిక్షణ ఇచ్చారు, ఏ ప్రత్యామ్నాయాలను వద్దనుకున్నారు, గడువు కోసం ఏ పరీక్షను పక్కనపెట్టారు అన్నవన్నీ వాళ్లకు తెలుస్తాయి. పైగా మోడల్ జనం మీదికి రాకముందే చూడగలరు. హాని జరిగాక కనిపెట్టడం వేరు, జరగకుండా ఆపడం వేరు. ఆపగలిగేది దాదాపు ఎప్పుడూ లోపలివాళ్లే. అమెజాన్‌లో జరిగింది చూడండి. రెజ్యూమెలకు మార్కులు వేసే మోడల్ ఒకటి తయారుచేశారు. గత పదేళ్లలో వచ్చిన రెజ్యూమెలతో దానికి శిక్షణ ఇచ్చారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో అది ‘మహిళల’ అన్న మాట కనిపించిన రెజ్యూమెలకు మార్కులు తగ్గించడం నేర్చుకుంది. ఈ సంగతి 2015 నాటికే సంస్థలోని వాళ్లకు అర్థమైంది, తర్వాత ఆ ప్రాజెక్టునే ఎత్తేశారు. తమ నియామక సిబ్బంది అభ్యర్థులను అంచనా వేయడానికి దాన్ని ఎన్నడూ వాడలేదని అమెజాన్ చెప్పింది.

అయితే మిగతా ప్రపంచానికి ఇది 2018 అక్టోబరులో రాయిటర్స్ కథనంతో గానీ తెలియలేదు. అదే పొరపాటు చేయబోతున్న మరో సంస్థకు ఆ మూడేళ్లలో హెచ్చరిక అందే దారే లేకపోయింది.

అంతకన్నా పెద్ద లోటు, లోపలి ఆడిటర్ కుర్చీకి ధీమా లేకపోవడం. సంస్థ లోపల ఆడిట్ మొదటి నుంచి చివరిదాకా ఎలా సాగాలో గూగుల్ పరిశోధకులు, మరికొందరు కలిసి 2020లో వివరంగా రాశారు. ముందు పరిధి గీసుకోవాలి, ఎవరెవరి మీద ప్రభావం పడుతుందో గుర్తించాలి, పత్రాలన్నీ పోగుచేయాలి, పరీక్షించాలి, చివర ఫలితాల వెలుగులో విడుదల చేయాలా వద్దా తేల్చాలి. ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి అది. రాసినవారిలో గూగుల్ ఏఐ నైతికత బృందాన్ని కలిసి నడిపిన టిమ్నిట్ గెబ్రూ, మార్గరెట్ మిచెల్ ఉన్నారు. 2021 ఫిబ్రవరి ముగిసేసరికి వాళ్లిద్దరూ గూగుల్‌లో లేరు. మిచెల్‌ను సంస్థ తొలగించింది. గెబ్రూ విషయంలో ఆమె రాజీనామా చేశారని సంస్థ, తననే తీసేశారని ఆమె చెప్పారు. ఎవరి మాట నిజమైనా, ఇలాంటి ఉదంతం చూశాక మరో సంస్థలోని ఆడిటర్ తన నివేదికలో ఘాటైన వాక్యం రాసేముందు కాస్త ఆగుతాడు. ఆ తటపటాయింపులోనే ఒక ప్రమాదం తప్పించుకుపోతుంది.

ఇక డబ్బిచ్చి చేయించుకునే ఆడిట్. దీన్ని చట్టంగా మార్చి చూసిన చోటు న్యూయార్క్ నగరం. నియామకాల్లో ఆటోమేటిక్ సాధనాలు వాడితే ఏడాదికోసారి స్వతంత్ర ఆడిటర్‌తో వివక్ష పరీక్ష చేయించి, సారాంశాన్ని వెబ్‌సైట్లో పెట్టాలన్న నిబంధన 2023 జులై నుంచి అమలవుతోంది. అడిగే లెక్క సులువైనదే. ఒక్కో వర్గంలో నూటికి ఎంతమంది ఎంపికయ్యారో చూసి, దాన్ని అందరికన్నా ఎక్కువగా ఎంపికైన వర్గం రేటుతో భాగించాలి. మగవాళ్లలో నూటికి 60 మంది, ఆడవాళ్లలో నూటికి 42 మంది ఎంపికైతే నిష్పత్తి 0.70. అమెరికాలో 1978 నాటి ‘ఐదింట నాలుగు వంతుల’ సూత్రం ప్రకారం 0.80 కన్నా తగ్గితే అనుమానించాలి. కానీ ఇంత నిష్పత్తి దాటితేనే సాధనం వాడాలన్న హద్దును న్యూయార్క్ చట్టం పెట్టలేదు. లింగం, జాతి చూడమంది, వయసునూ వైకల్యాన్నీ వదిలేసింది. అసలు ఆ సాధనం అభ్యర్థి పనితనాన్ని కొలుస్తోందా అని అడగనే లేదు. తమ సాధనం చట్టం కిందికి వస్తుందో రాదో తేల్చుకునే పనీ చాలావరకు యజమానికే మిగిలింది. చట్టం వచ్చాక పరిశోధకులు 391 మంది యజమానుల వెబ్‌సైట్లు వెతికితే 18 చోట్ల మాత్రమే ఆడిట్ నివేదికలు దొరికాయి.

ఇక్కడ తప్పు ఆడిటర్లదని నేననను. నిజాయతీగా పనిచేసేవాళ్లున్నారు. ప్రశ్నను డబ్బిచ్చేవాళ్లు రాసినప్పుడు జవాబు ఎంత నిజాయతీగా ఉన్నా ఆ ప్రశ్న హద్దులోనే ఉంటుంది. అభ్యర్థులతో కంప్యూటర్ ఆటలాడించి స్కోరు వేసే ‘పైమెట్రిక్స్’ అనే నియామక పరీక్షల కంపెనీని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు ఆడిట్ చేసి, 2021లో ఫలితాలను ప్రచురించారు. కోడ్, డేటా చూసే అవకాశం వాళ్లకు దక్కింది. కానీ చూడమన్నది ప్రధానంగా ఆ సాధనం ‘ఐదింట నాలుగు వంతుల’ సూత్రాన్ని పాటిస్తోందా అన్నదే. దానికి అవునని జవాబు వస్తే సరే. ఆటలాడించి వచ్చిన స్కోరుతో మనిషిని ఉద్యోగానికి తీసుకోవడం సబబేనా అన్న ప్రశ్న ఆ ఒప్పందంలో లేదు. బయట చూసేవాళ్లు మాత్రం ‘ఆడిట్ అయింది’ అన్న ముద్రను మొత్తం సాధనానికి వర్తింపజేసుకుంటారు. నన్ను కలవరపెట్టేది ఆ ముద్రే. ఆడిట్ లేనిచోట జనం కనీసం అనుమానంతో ఉంటారు. ముద్ర పడ్డాక ఆ అనుమానం పోతుంది, లోపం మాత్రం అక్కడే ఉంటుంది.

సంబంధం లేని బయటివాళ్ల సంగతికొస్తే, మనకు తెలిసిన పెద్ద లోపాల్లో చాలావాటిని పట్టించింది వీళ్లే. 2018లో ఎంఐటీ పరిశోధకురాలు జాయ్ బువోలమ్‌విని, అప్పటికింకా గూగుల్‌లో చేరని గెబ్రూ కలిసి ఆరు దేశాల పార్లమెంటు సభ్యుల ఫొటోలతో మూడు కంపెనీల ముఖ విశ్లేషణ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ఫొటోలోని మనిషి ఆడో మగో చెప్పడంలో తెల్లని ఛాయ మగవాళ్ల దగ్గర తప్పులు 0.8 శాతానికి మించలేదు. నల్లని ఛాయ ఆడవాళ్ల దగ్గర అవి 34.7 శాతం దాకా పోయాయి. పేర్లు బయటపడ్డ మూడు కంపెనీలూ తర్వాత తప్పులు బాగా తగ్గించుకున్నాయని మరుసటి ఏడాది మళ్లీ పరీక్షిస్తే తేలింది. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, ఎవరికీ భయపడకుండా అడిగిన ప్రశ్నకు ఉండే బలం అది.

కాకపోతే బయటివాళ్లు ఆలస్యంగా వస్తారు. అప్పటికే ఎంతోమంది దెబ్బతిని ఉంటారు. తలుపు మూసేయడం కూడా కంపెనీ చేతిలోని పనే. రాజకీయ ప్రకటనలను పరిశీలిస్తున్న న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకుల ఖాతాలను 2021 ఆగస్టులో ఫేస్‌బుక్ నిలిపేసింది. అతిపెద్ద ప్లాట్‌ఫాంలు అర్హులైన పరిశోధకులకు డేటా ఇవ్వాలని యూరప్ డిజిటల్ సేవల చట్టంలో రాసుకున్నది ఇలాంటి అడ్డంకులు దాటడానికే.

లోపలా బయటా అన్న తేడాకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది: ఏం చూడనిచ్చారు, ఏం అడగనిచ్చారు. అమెరికా ఆసుపత్రుల్లో అదనపు సంరక్షణ ఎవరికి కావాలో చెప్పే ఒక అల్గారిథమ్ మీద 2019లో ‘సైన్స్’ పత్రికలో పరిశోధన వచ్చింది. రోగి ఎంత జబ్బుతో ఉన్నాడన్నదానికి బదులు, అతని వైద్యానికి ఎంత ఖర్చవుతుందన్నదాన్ని ఆ అల్గారిథమ్ అంచనా కడుతోంది. వైద్యం సరిగా అందని నల్లజాతి రోగుల మీద ఖర్చు తక్కువ కాబట్టి, వాళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్కకొచ్చారు. ఆ వంకర సరిచేస్తే అదనపు సాయానికి ఎంపికయ్యేవారిలో నల్లజాతివారి వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది. పరిశోధకులు బయటివాళ్లే. కానీ అల్గారిథమ్‌లోకి వెళ్లిన డేటా, వచ్చిన స్కోరు, రోగికి తర్వాత ఏమైందన్నది, మూడూ వాళ్ల ముందున్నాయి. అందుకే లోపం ఉందని చెప్పడంతో ఆగక, ఎక్కడుందో కూడా చూపించగలిగారు.

ఏఐని తయారుచేయకుండా కొనుక్కునే సంస్థలకు మరో ఉదాహరణ. సెప్సిస్‌ను (ఇన్ఫెక్షన్ వల్ల ప్రాణం మీదికి వచ్చే స్థితిని) ముందే పసిగడుతుందని, ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ చేసే ఎపిక్ కంపెనీ అమ్మిన మోడల్‌ను మిషిగన్ యూనివర్సిటీ వైద్యకేంద్రంలోని వాళ్లు తమ సొంత రోగుల రికార్డులతో పరీక్షించి 2021లో ప్రచురించారు. జబ్బు వచ్చేవాళ్లనీ రానివాళ్లనీ మోడల్ ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే కొలతలో 1 వస్తే పొరపాటే లేదని, 0.5 వస్తే బొమ్మాబొరుసూ వేసినట్టని అర్థం. కంపెనీ చెప్పుకున్నది 0.76 నుంచి 0.83. అక్కడ తేలింది 0.63. సెప్సిస్ వచ్చినవారిలో మూడింట రెండు వంతుల మందిని ఆ మోడల్ గుర్తించలేదు. కొనేవాళ్లలోని లోపలివాళ్లు అమ్మేవాళ్లకు బయటివాళ్లే. డేటా చేతిలో ఉంది, అమ్మినవాళ్ల మొహమాటం లేదు. ఈ స్థానంలో ఉండి కూడా అమ్మిన కంపెనీ ఇచ్చిన పత్రంతో సరిపెట్టుకునే సంస్థ చేతిలో ఉన్న అవకాశాన్ని వదులుకుంటున్నట్టే.

కాబట్టి ఒక్కదానితోనే మొదలుపెట్టాల్సి వస్తే లోపలి ఆడిట్‌తోనే మొదలుపెట్టమంటాను. ఒక షరతు: ఆడిటర్ నివేదిక ప్రాజెక్టు నడిపేవాళ్లకు కాక నేరుగా బోర్డుకు వెళ్లాలి, విడుదలను ఆపే అధికారం ఆ నివేదికకు ఉండాలి. అది లేకపోతే చేయకపోవడమే నయం. ఉద్యోగం, అప్పు, వైద్యం, ప్రభుత్వ సాయం లాంటివి తేల్చే మోడల్‌కు ఇది చాలదు, బయటివాళ్లూ చూడాలి. వాళ్లకు డబ్బిచ్చినా తప్పులేదు. కానీ ప్రశ్నలు వాళ్లే రాసుకుంటారని, అసలు డేటా చూస్తారని, ఫలితం ఎలా ఉన్నా ప్రచురిస్తారని ఒప్పందంలో ఉండాలి. ఈ మూడింటికీ ఒప్పుకోని సంస్థ కొనుక్కుంటున్నది ముద్రనే.

ఈ మూడు ఆడిట్లూ సగటులతో పనిచేస్తాయని కూడా గుర్తుంచుకోవాలి. తప్పుగా దొంగగా ముద్రపడిన ఒక్క మనిషి సగటులో కనిపించడు. రైట్ ఎయిడ్ మందుల దుకాణాల్లో ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్ తప్పు అలర్ట్‌లు ఇవ్వడంతో సిబ్బంది అమాయకుల వెంటపడ్డారని, ఆ తప్పులెన్నో సంస్థ లెక్క కూడా పెట్టలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2023 డిసెంబరులో కుదిరిన పరిష్కారం ప్రకారం, నిఘా కోసం ముఖ గుర్తింపు వాడకుండా ఆ సంస్థపై ఐదేళ్ల నిషేధం పడింది. దెబ్బతిన్నవాళ్లు ఎవరికి చెప్పుకోవాలి, చెప్పినది ఎక్కడ నమోదవుతుంది, ఆ నమోదు ఆడిటర్ చేతికి చేరుతుందా అన్నది ఆడిటర్‌ను ఎంచుకోకముందే సంస్థ తేల్చుకోవాలి.