నౌపడలో ఎక్కిన కొత్త మెము: పర్లాకిమిడి వాళ్ల వైపు నుంచి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం జిల్లా నౌపడ వచ్చి, అక్కడ విశాఖ వైపు బండి మారే మాలాంటి వాళ్లకి ఈ కొత్త మెము, అంటే కరెంటుతో నడిచే లోకల్ బండి, నిజంగా పెద్ద మార్పు. బండికి విడిగా ఇంజన్ ఉండదు, మోటార్లు కోచ్‌ల కిందే ఉంటాయి, అందుకే స్టేషన్‌లో ఆగి కదిలిందంటే చటుక్కున వేగం అందుకుంటుంది. అడుగడుగునా ఆగే లోకల్ బండికి కావాల్సింది ఇదే కదా! చివరి స్టేషన్‌లో ఇంజన్ తిప్పి తగిలించే పని కూడా లేదు. బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు తిరిగి తీగలోకి పోతుందట, అది నాకు బాగా నచ్చింది.

లోపల స్టీలు కోచ్‌లు, వెలుతురు, తర్వాతి స్టేషన్ పేరు చూపే బోర్డు. కాలేజీ పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. పక్క సీటు మామ్మ మాత్రం "బాగుంది గానీ నాయనా, మెట్టు ఎత్తయిపోయింది, గంప ఎలా ఎక్కించను?" అంది. ఆవిడ మాట నూటికి నూరు పాళ్లు నిజం. ప్లాట్‌ఫారం పల్లంగా ఉన్నచోట ముసలివాళ్లకి చాలా కష్టం, దీన్ని వెంటనే సరిచేయాలి. జీడిపప్పు సంచులు, కూరగాయల గంపలు పెట్టుకోవడానికీ చోటు చాలదు.

1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి వేయించిన చిన్న లైను (నారోగేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు తక్కువ) 2004లో మూతపడి, వెడల్పు పట్టాల బ్రాడ్‌గేజ్‌గా మారి 2011 నాటికి గుణుపూర్ దాకా మళ్లీ తెరుచుకుంది. ఇంత పాత లైనుకి ఇలాంటి బండ్లు ఎక్కువగా, మా ఆఫీసు టైముకి సరిపోయేలా నడపాలి. నాలుగు స్టార్లు ఇస్తున్నాను, మెట్టు సరిచేస్తే అయిదోది కూడా ఇస్తాను.